సంక్రాంతికి నిలిచిన క్రీమ్ ఏప్రిల్‌లో ఎందుకు విరిగిపోతోంది?

తణుకు కోడలు:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

మా అత్తయ్యగారు టిఫిన్ సెంటర్ నడుపుతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే పదకొండు దాకా ఆవిడ చేతులు పిండిలోనో నీళ్లలోనో అంట్లలోనో ఉంటాయి. వేళ్ల కణుపుల దగ్గర చర్మం గీతలు గీతలుగా పగిలిపోయింది. చట్నీలో ఉప్పు వేస్తుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బజారు క్రీముల వాసన ఆవిడకు పడదు. అందుకని నేనే చేద్దామనుకున్నాను.

అర కప్పు కొబ్బరి నూనెలో రెండు చెంచాల తేనెమైనం కరిగించి, అర కప్పు రోజ్ వాటర్, పెరట్లోని కలబంద గుజ్జు రెండు చెంచాలు పోస్తూ హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పాను. సంక్రాంతి ముందు చేసినది అచ్చం వెన్నలా వచ్చింది. ఇరవై రోజులు వాడారు, ఏమీ కాలేదు. ఇప్పుడు ఏప్రిల్‌లో మూడుసార్లు చేశాను. చేసిన రోజు బాగానే ఉంటుంది. మర్నాటికి పైన చెమట పట్టినట్టు చిన్న చిన్న నీటి చుక్కలు వస్తాయి. మూడో రోజుకి డబ్బా అడుగున నీళ్లు. పది నిమిషాలు ఆపకుండా తిప్పి చూశాను, బ్లెండర్ వేడెక్కింది కానీ ఫలితం లేదు. మైనం ఎక్కువ వేస్తే గట్టిగా లిప్ బామ్‌లా తయారైంది, అయినా నీళ్లు వదిలింది.

ఇంకొకటి. మెడికల్ షాపులో ఒక క్రీమ్ డబ్బా మీద చదివాను: సెటియరిల్ ఆల్కహాల్, గ్లిజరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్. ఇవి ఎందుకు వేస్తారు? ఆల్కహాల్ రాస్తే చర్మం ఇంకా ఎండిపోదా?

కొబ్బరిమట్ట:

నేనూ ఇలాగే చేస్తానండీ, తేనెమైనం కొబ్బరి నూనెతోనే. చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. నాకు ఎప్పుడూ విడిపోలేదు. నీళ్లు చుక్క చుక్కగా పోయాలి, ఓపిగ్గా తిప్పాలి, అంతే.

మాజీ క్రీమ్ కెమిస్ట్:

అమ్మా, మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. చలికాలంలో నిలిచింది, ఎండల్లో విరిగింది. ఫ్రిజ్‌లో పెడితే విడిపోదని పైన రాశారు. రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. మీ క్రీమ్‌ని పట్టి ఉంచింది చలి. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. పేరుకున్న నూనె, మైనం మధ్య నీటి చుక్కలు ఇరుక్కుని కదల్లేక ఉండిపోయాయి. ఏప్రిల్‌లో నూనె కరిగింది, దారి దొరికింది, చుక్కలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోయాయి. ఫ్రిజ్‌లో ఉన్న డబ్బాని ఒక మధ్యాహ్నం వంటింటి గట్టు మీద ఉంచితే అదీ ఇలాగే అవుతుంది.

నేను జీడిమెట్లలో క్రీములు తయారుచేసే ప్లాంట్‌లో 22 ఏళ్లు పనిచేశాను. మొదటి ఆరేళ్లు మిక్సింగ్ వెసెల్ దగ్గర, తర్వాత ల్యాబ్‌లో. మీ అత్తయ్యగారి చేతుల గురించి చదివాక పొడిగా రెండు ముక్కలు రాసి వదిలేయాలనిపించలేదు. కొంచెం పెద్దగా రాస్తున్నాను.

మీగడ, వెన్నల సంగతి చూడండి. పాల మీగడ అంటే నీళ్లలో కొవ్వు చుక్కలు. ప్రతి చుక్క చుట్టూ మాంసకృత్తులు, ఫాస్ఫోలిపిడ్లు అనే ఒక రకం కొవ్వులతో అల్లిన పలచటి పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపూ పక్క పక్కనే ఉన్నా ఒక చుక్క ఇంకో చుక్కతో కలవదు. కవ్వంతో చిలికినప్పుడు మనం చేసేది ఆ పొరని చింపడమే. చిరిగిన చుక్కలు అతుక్కుని, అతుక్కుని, ఒక దశలో లెక్క తిరగబడుతుంది. అంతవరకూ నీళ్లలో కొవ్వు ఉండేది, ఇప్పుడు కొవ్వులో నీళ్లు. అదే వెన్న. వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్లే ఉంటాయి, కానీ పట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది, ఎందుకంటే బయట ఉన్నది కొవ్వు. మీగడ అలా ఉండదు, నీళ్లలో వేస్తే కలిసిపోతుంది. ఎండాకాలం వెన్న పడకపోతే మా అమ్మ కుండలో చల్లటి నీళ్లు పోసేది. కొవ్వు మరీ మెత్తగా ఉంటే ముద్ద కట్టదని ఆవిడకు చేతితో తెలుసు.

చర్మానికి రాసే క్రీములూ ఈ రెండు రకాలే. నీళ్లలో నూనె చుక్కలు ఉన్నది తేలిగ్గా ఇంకుతుంది, కడిగితే పోతుంది. నూనెలో నీటి చుక్కలు ఉన్నది జిడ్డుగా నిలుస్తుంది, నీళ్లు తగిలినా త్వరగా పోదు. ఏది కావాలన్నా చుక్క చుట్టూ ఆ పొర ఉండాలి. పాలకి ప్రకృతి ఇచ్చింది. మన క్రీమ్‌కి మనమే ఇవ్వాలి. ఆ పొర కట్టేదే ఎమల్సిఫయర్.

అది పనిచేసే తీరు తలంటు పోసుకున్న ప్రతివాళ్లూ చూసిందే. జుట్టంతా నూనె. ఒట్టి నీళ్లు పోస్తే జారిపోతాయి. కుంకుడు రసం పోసి రుద్దితే నూనె తెల్లటి నీళ్లయి కారిపోతుంది. కుంకుడులో సపోనిన్ అనే పదార్థం ఉంది. దాని అణువుకి ఒక కొస నూనెని ఇష్టపడుతుంది, ఇంకో కొస నీటిని ఇష్టపడుతుంది. నూనె చుక్క దొరికితే ఒక కొసని అందులో గుచ్చి, రెండో కొసని బయట నీళ్లలో ఉంచి నిలబడుతుంది. అలాంటివి కోట్లాదిగా చుట్టూ నిలబడితే చుక్కకి కంచె కట్టినట్టే. ఇంకో చుక్క దగ్గరికొస్తే కంచెకి కంచె అడ్డం.

ఇప్పుడు మీ బ్లెండర్ విషయం. పది నిమిషాలు తిప్పారన్నారు. తిప్పడం వల్ల చుక్కలు చిన్నవవుతాయి, నిజమే. కానీ చిన్నవయ్యే కొద్దీ వాటి ఉపరితలం పెరుగుతుంది. 15 మిల్లీలీటర్ల నూనెని రెండు మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో ఐదొందలో వంతు, చుక్కలుగా కొడితే వాటి మొత్తం ఉపరితలం 45 చదరపు మీటర్లు. దాదాపు 480 చదరపు అడుగులు, ఒక సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్ నేలంత. చుక్క సైజు సగమైతే నేల రెట్టింపు. అంత నేల మీద చాప పరవడానికి మీ గిన్నెలో ఏమీ లేదు. అందుకే ఎంత తిప్పినా ఆపిన క్షణం నుంచి చుక్కలు కలవడం మొదలుపెడతాయి. మీ తప్పేమీ లేదు, మీ బ్లెండర్‌దీ కాదు.

తేనెమైనం ఎమల్సిఫయర్ కాదా అంటే, ఒంటరిగా కాదు. అది చిక్కబరుస్తుంది. మీరు చేసినది ఈనాటిది కాదమ్మా, రెండో శతాబ్దంలో రోమ్‌లో గేలెన్ అనే గ్రీకు వైద్యుడి పేరుతో వస్తున్న యోగమే: తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు. రాసుకుంటే నీళ్లు విడివడి ఆవిరయ్యేవి, చల్లగా అనిపించేది. కోల్డ్ క్రీమ్ అనే పేరు అలా వచ్చింది. అదీ నిలిచేది కాదు. చాలా కాలం తర్వాత, 19వ శతాబ్దం చివర్లో, దానికి బొరాక్స్ కలిపారు. మైనంలో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాలు బొరాక్స్‌తో కలిసి గిన్నెలోనే కాస్త సబ్బు తయారవుతుంది. ఆ సబ్బే ఎమల్సిఫయర్. అప్పటికి గానీ కోల్డ్ క్రీమ్ డబ్బాలో నిలవలేదు. ఇది చదివి బొరాక్స్ కొనకండి. పునరుత్పత్తికి హాని చేసే పదార్థాల్లో ఐరోపా యూనియన్ దాన్ని చేర్చింది. పగిలిన చర్మం మీద, పైగా అన్నం వండే చేతుల మీద, అది వద్దు.

మీ లేబుల్ పేర్లు. సెటియరిల్ ఆల్కహాల్ మీరు భయపడే ఆల్కహాల్ కాదు. శానిటైజర్‌లోది నీళ్లలా ఉంటుంది, ఆవిరైపోతుంది. ఇది తెల్లటి మైనపు రేకులు, 16, 18 కార్బన్ల కొవ్వు ఆల్కహాళ్లు. ఇందులోని సెటిల్ ఆల్కహాల్‌ని 1817లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త తిమింగలం తల నుంచి తీసే మైనంలోంచి వేరుచేశాడు. ఈ రోజుల్లో పామాయిల్, కొబ్బరి నూనెల నుంచి చేస్తారు. చర్మాన్ని ఎండబెట్టదు, మెత్తబరుస్తుంది. ఎమల్సిఫయర్‌గా బలహీనమే కానీ, అసలు ఎమల్సిఫయర్ అణువుల మధ్య సందుల్లో దూరి కంచెని గట్టిపరుస్తుంది. గ్లిజరిల్ స్టియరేట్ నూనె వైపు మొగ్గేది. పెగ్-100 స్టియరేట్ నీటి వైపు మొగ్గేది. రెండూ జంటగా ఎందుకు వేస్తారంటే ఒకటి నూనె వైపు నుంచి, ఒకటి నీటి వైపు నుంచి పట్టుకుంటే పొర బిగుస్తుంది. ప్లాంట్‌లో మేం ఎక్కువగా వాడినది ఈ జంటనే.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. గ్లాసు నీళ్లలో మీ క్రీమ్ చిటికెడు వేసి చెంచాతో కలపండి. మీగడలా కలిసిపోయిందా, ముద్దగా తేలిందా చెప్పండి. కలిస్తే బయట ఉన్నది నీళ్లు, తేలితే బయట ఉన్నది నూనె.

బీఫార్మసీ రెండో ఏడాది:

సార్, ఇదే చోట అడగొచ్చా? మాకు హెచ్‌ఎల్‌బి లెక్కలు ఉన్నాయి, అంటే ఎమల్సిఫయర్‌లో నీటి ఇష్టం, నూనె ఇష్టం తూకం. స్పాన్ 80, ట్వీన్ 80 అనే రెండు ఎమల్సిఫయర్లు ఇచ్చి కావలసిన విలువకి శాతాలు కట్టమంటారు. లెక్క వస్తుంది కానీ ఏం చేస్తున్నామో అర్థం కావడం లేదు.

మాజీ క్రీమ్ కెమిస్ట్:

తప్పకుండా అడగాలి బాబూ. 1949లో గ్రిఫిన్ అనే ఆయన అట్లాస్ పౌడర్ కంపెనీలో పనిచేస్తూ ఈ కొలత తెచ్చాడు. స్పాన్‌లు, ట్వీన్‌లు ఆ కంపెనీ సరుకే. అణువు బరువులో నీటిని ఇష్టపడే భాగం ఎంత అన్నదే ఆ అంకె, 0 నుంచి 20 దాకా. చిన్న అంకె అంటే నూనె పక్షం, పెద్ద అంకె అంటే నీటి పక్షం. 3 నుంచి 6 మధ్య ఉన్నవి నూనెలో నీటి చుక్కల్ని నిలుపుతాయి. 8 దాటినవి నీటిలో నూనె చుక్కల్ని నిలుపుతాయి. స్పాన్ 80 విలువ 4.3. ట్వీన్ 80 విలువ 15.

కొబ్బరి నూనెని నీళ్లలో నిలపడానికి సుమారు 8 కావాలి. ట్వీన్ మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, 35 శాతం, మిగతా 65 స్పాన్ వేస్తే 8 వస్తుంది. మీ లెక్క అక్కడితో అయిపోతుంది. కానీ ల్యాబ్‌లో అక్కడే మొదలవుతుంది. 7, 8, 9, 10 విలువలకి నాలుగు సీసాలు చేసి వరసగా పెట్టండి. మర్నాడు పొద్దున్న చూస్తే ఒక్క సీసాలో తప్ప మిగతావాటిలో పైన నూనె గీత కనబడుతుంది. ఆ గీత ఒక్కసారి కళ్లారా చూస్తే ఈ అంకె ఎప్పటికీ మరిచిపోరు. ఇంకోటి, ట్వీన్‌లకే ఇంకో పేరు పాలీసార్బేట్. పాలీసార్బేట్ 20, 60, 80 అన్నప్పుడు ఆ అంకె హెచ్‌ఎల్‌బి కాదు. ఏ కొవ్వు ఆమ్లమో చెప్పే గుర్తు: 20 అంటే లారిక్, 60 అంటే స్టియరిక్, 80 అంటే ఓలియిక్. వైవాలో చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

తణుకు కోడలు:

చాలా థాంక్స్ సార్. రెండుసార్లు చదివాను, మా అత్తయ్యగారికి కూడా చదివి వినిపించాను. మీగడ, వెన్న సంగతి ఆవిడకు వెంటనే అందింది.

పరీక్ష చేశాను. ముద్దగా తేలింది. చెంచాతో నొక్కితే గ్లాసు అంచుకి జిడ్డుగా అంటుకుంది, నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. మెడికల్ షాపు క్రీమ్ కూడా వేసి చూశాను. అది పొగలా విడిపోయి నీళ్లు తెల్లబడ్డాయి.

ఆన్‌లైన్‌లో ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అని అమ్ముతున్నారు. అది వేస్తే చాలా? ఎంత వేయాలి? మా బోరు నీళ్లు వాడొచ్చా? చేతులకి మంచిదని కాస్త నిమ్మరసం వేద్దామనుకుంటున్నాను. ప్రిజర్వేటివ్ మాత్రం వద్దనుకుంటున్నాను.

లీడ్స్ ఫార్మసిస్ట్:

నేను ఇంగ్లండ్‌లో ఫార్మసిస్ట్‌గా చేస్తున్నాను, మాది ఏలూరు. మీరు కొనేముందు ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ పేరుతో రెండు రకాలు ఉంటాయి. బ్రిటిష్ ఫార్మకోపియా, అంటే ఇక్కడి మందుల ప్రమాణాల గ్రంథం, చెప్పే రకంలో 90 శాతం సెటోస్టియరిల్ ఆల్కహాల్ (మీరు లేబుల్ మీద చదివిన సెటియరిల్ ఆల్కహాలే), 10 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ అనే డిటర్జెంట్. రెండో రకంలో సల్ఫేట్ బదులు పాలీసార్బేట్ 60 ఉంటుంది. ఇక్కడ ఏక్వియస్ క్రీమ్ అని ఏళ్ల తరబడి ఎగ్జిమా పిల్లలకి రాసేవాళ్లు. అందులో ఆ మొదటి రకం మైనమే ఉండేది. లెక్క కడితే క్రీమ్‌లో లారిల్ సల్ఫేట్ 1 శాతం కూడా రాదు. అయినా రాసి వదిలేస్తే కొంతమంది పిల్లలకి ఇరవై నిమిషాల్లోపే మంట, దురద వచ్చేవి. 2013 మార్చిలో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. సబ్బులా రుద్ది కడిగేస్తే ఒక సంగతి, రాసి వదిలేస్తే వేరే సంగతి. నూనె చుట్టూ కంచె కట్టే అణువే బలమైనదైతే మన చర్మంలోని కొవ్వుని కూడా కదిలిస్తుంది.

కౌంటర్ దగ్గర ఒక తల్లి, పాపకి రాస్తే ఏడుస్తోందండీ, అలవాటవుతుందిలే అనుకుని రాస్తూనే ఉన్నాను అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. మీ అత్తయ్యగారికి చర్మం ఇప్పటికే పగిలి ఉంది. సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న మైనం కొనవద్దు. పగుళ్లలోంచి రక్తం గానీ చీము గానీ వస్తుంటే క్రీముల ప్రయోగాలు ఆపి చర్మ వైద్యుడికి చూపించండి.

మాజీ క్రీమ్ కెమిస్ట్:

పై మాట బంగారం లాంటిది. పాలీసార్బేట్ 60 ఉన్న రకమే తీసుకోండి. అమ్మేవాళ్లు అందులో ఏమేం ఉన్నాయో రాయకపోతే కొనకండి.

బోరు నీళ్లు వద్దు. మీ ఇంట్లో బకెట్ అంచుకి సబ్బు తెట్టు తెల్లగా పేరుకుంటుంది కదా, అది నీళ్లలోని కాల్షియం సబ్బుని పట్టుకుని చేసిన పని. సబ్బు తరహా ఎమల్సిఫయర్ ఉన్న క్రీమ్‌లో అలాంటి నీళ్లు పోస్తే పొర కట్టాల్సిన సబ్బు తెట్టు అయిపోతుంది. పాలీసార్బేట్‌కి అంత ఇబ్బంది లేదు కానీ, బోరు నీళ్లలో ఏముందో మనకు తెలియదు. డిస్టిల్డ్ వాటర్ కొనండి.

నిమ్మరసం అసలే వద్దు. ఇందుకు కారణం నా కళ్ల ముందు జరిగింది. 300 కిలోల వానిషింగ్ క్రీమ్ బ్యాచ్. దాంట్లో స్టియరిక్ ఆమ్లం ఉంటుంది, కొంత భాగాన్ని పొటాష్ క్షారంతో సబ్బుగా మారుస్తాం. ఆ కొంత సబ్బే మిగతా మొత్తాన్ని నిలబెడుతుంది. ఆ రోజు పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువగా ఉందని సిట్రిక్ ఆమ్లం ద్రావణం పోశారు, నేనే తూచి ఇచ్చాను. మూత తీసి చూస్తున్నాను. నున్నగా మెరుస్తున్న క్రీమ్ మధ్యలో, ఆమ్లం పడిన చోట, మెరుపు పోయి ఇసక రేణువుల్లా కనిపించింది. కలిపే కొద్దీ ఆ రేణువులు వెసెల్ అంతా పాకాయి. పది నిమిషాల్లో అది విరిగిన పాలు. ఆమ్లం తగిలి సబ్బు మళ్లీ స్టియరిక్ ఆమ్లం అయిపోయింది, కంచె కూలింది. మళ్లీ క్షారం పోసి తిప్పినా మునుపటిలా రాలేదు. ఆ సాయంత్రం అదంతా డ్రమ్ముల్లోకి తోడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నిమ్మరసం మీ మైనాన్ని అంతగా విరచకపోవచ్చు, కానీ పగిలిన వేళ్ల మీద పడితే మండిపోతుంది. ఎందుకు?

ప్రిజర్వేటివ్ విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఒట్టి నూనె, మైనం అయితే అక్కర్లేదు, అందులో సూక్ష్మజీవి బతకడానికి నీళ్లు లేవు. మనం ఇప్పుడు చేసేదాంట్లో 75 శాతం నీళ్లు. రోజూ వేలు పెడతారు. రంగు మారదు, వాసన రాదు, అయినా లోపల పెరుగుతూ ఉంటాయి. అది పగిలిన చర్మం మీద రాస్తారు. ఫినాక్సీ ఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ కిలోకి 10 గ్రాములు దాటకుండా వాడొచ్చు. అది వద్దనుకుంటే నీళ్లే లేని లేపనం చేసుకోండి, మంచిదే. తాజా కలబంద గుజ్జు కూడా మానేయండి. అది సూక్ష్మజీవులకి విందు.

100 గ్రాములకి కొలత ఇది. డిస్టిల్డ్ వాటర్ 75, గ్లిజరిన్ 4, కొబ్బరి నూనె 15, మైనం (తేనెమైనం కాదు, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్) 5, ప్రిజర్వేటివ్ 1. చెంచాలతో కాదు, తూకంతో. గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా కొనండి.

రెండు స్టీల్ గిన్నెలు. ఒకదాంట్లో నూనె, మైనం. రెండోదాంట్లో నీళ్లు, గ్లిజరిన్. రెండింటినీ వేడినీళ్ల మూకుడులో పెట్టి 70, 75 డిగ్రీలకి తెండి. రెండూ వేడిగా ఉండటం ముఖ్యం. చల్లటి నీళ్లు పోస్తే మైనం చుక్క చుట్టూ చేరేలోపే గడ్డకట్టి రవ్వలా మిగులుతుంది. మీరు ఇంతకుముందు నీళ్లు వేడి చేశారో లేదో రాయలేదు. నూనెలో నీళ్లు పోసి బ్లెండర్ తల మునిగేలా ఉంచి తిప్పండి, గాలి లాగనివ్వకండి. పోసిన క్షణమే తెల్లబడుతుంది. చుక్కలు వెలుగుని అన్ని వైపులా చెదరగొడతాయి, అందుకే ఆ తెలుపు. రెండు నిమిషాలు తిప్పి ఆపండి, మళ్లీ తిప్పండి. ఆ తర్వాత చల్లారేవరకూ చెంచాతో మెల్లగా కలుపుతూ ఉండాలి. చాలామంది ఇక్కడ వదిలేసి వెళ్లిపోతారు. 50 డిగ్రీల దగ్గర కొవ్వు ఆల్కహాల్ గట్టిపడుతూ నీళ్లలో పొరలు పొరలుగా అల్లుకుంటుంది, క్రీమ్‌కి ఒళ్లు వచ్చేది అప్పుడే. 40కి దిగాక ప్రిజర్వేటివ్ వేసి కలపండి. ఆవిరైన నీళ్లెన్నో తూచి, అన్ని నీళ్లూ మరిగించి చల్లార్చి మళ్లీ పోయండి.

ఒక డబ్బా వంటింట్లో, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాలు చూడండి. ఈసారి ఫ్రిజ్ సాయం లేకుండా నిలవాలి.

తణుకు కోడలు:

సార్, మూడు వారాలైంది.

మొదటిసారి పోసినప్పుడు తెల్లబడటం చూసి మా పాప కూడా పరుగెత్తుకొచ్చింది. మీరన్నట్టే క్షణంలో అయింది. కానీ చల్లారాక పలచగా, పెరుగు కంటే కాస్త చిక్కగా ఉంది. సీసాలో పోస్తే జారింది. మీ జవాబులోనే ఉంది కదా అని రెండోసారి సెటిల్ ఆల్కహాల్ 3 గ్రాములు తెప్పించి వేసి, నీళ్లు 3 తగ్గించాను. చల్లారుతుంటే చెంచాకి బరువు తెలిసింది.

వంటింటి డబ్బా స్టవ్‌కి నాలుగడుగుల దూరంలోనే ఉంది. మధ్యాహ్నాలు ఆ గదిలో నిలబడలేం. పైన ఒక్క చుక్క లేదు, అడుగున లేదు. నీళ్లలో వేస్తే పొగలా విడిపోయింది. అత్తయ్యగారు రాత్రి పడుకునే ముందు రాసుకుని పాత నూలు గుడ్డ చుట్టుకుంటున్నారు. కుడి చేతి పగుళ్లు మూసుకున్నాయి, ఎడమ బొటనవేలిది ఇంకా ఉంది. మొన్న చట్నీ చేస్తూ నన్ను పిలిచి చెయ్యి చూపించారు.

ఒక్కటే సందేహం. రాయగానే తెల్లగా నురగలా గీతలు వస్తాయి, కాసేపు రుద్దితే గానీ పోవు. పాడైనట్టా?

మాజీ క్రీమ్ కెమిస్ట్:

పాడవలేదమ్మా. రుద్దేటప్పుడు క్రీమ్‌లో గాలి చిక్కి అలా తెల్లబడుతుంది. కొవ్వు ఆల్కహాల్ కాస్త ఎక్కువైతే కనిపిస్తుంది. మీ మైనంలోనే చాలా ఉంది, దానికి తోడు 3 గ్రాములు. సెటిల్ ఆల్కహాల్ ఒకటిన్నరకి తగ్గించి, నూనె ఒకటిన్నర పెంచి చూడండి. కొంచెం మెత్తగా వస్తుంది, ఆ గీతలు తగ్గుతాయి. మైనం 5 మాత్రం ముట్టుకోకండి.

ఎడమ బొటనవేలు వారంలో మానకపోతే డాక్టర్‌కి చూపించండి. అంట్లు తోమేటప్పుడు లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోమనండి.

తణుకు కోడలు:

ఆదివారం సెంటర్ సెలవు. ఆ రోజు చేసి మళ్లీ రాస్తాను సార్. తొడుగులు తెచ్చాను, అత్తయ్యగారు దోసెల పిండి దగ్గర తీసేస్తున్నారు కానీ అంట్లకి వేసుకుంటున్నారు.